వ్యానులో జనరేటరు అదరుట – కారణములు, నివారణము

పడకలు, పొయ్యి, దీపములు అమర్చిన వ్యానులో కుటుంబసమేతముగ యాత్రకు పోవు నలవాటు మనవారిలోనికిని వచ్చుచున్నది. భీష్మైకాదశినాడు అంతర్వేది రథోత్సవము చూచి, ఆ రాత్రి వ్యానులోనే విశ్రమింపగోరువారికి అది మంచి సౌకర్యమే. కాని దీపములకొఱకు అందుంచిన జనరేటరు మితిమీఱి అదరినచో నిద్ర చెడుటయే గాక ప్రాణమునకును ముప్పు కలుగవచ్చును. గోదావరిపై తిరుగు ఇంటిపడవలలోని యంత్రములకును ఈ మాట వర్తించును. కావున ఆ యదురు ఏల పుట్టునో గృహిణులు తెలిసికొనుట యుక్తమని మేము తలంచుచున్నాము.

కొంత యదురు సహజము. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు గలది. అందులకై సామాన్యమైన చిన్న జనరేటరు నిమిషమునకు 3000 చుట్లు తిరుగవలయును. ఒకే సిలిండరు గల ఇంజనులో రెండు చుట్లకొకసారి పెట్రోలు మండును; అనగా సెకనునకు 25 దెబ్బలు. రోకటిపోటు రోటికి తప్పనట్లు ఈ దెబ్బ యంత్రమునకు తప్పదు. అది గోడలకు, పడకలకు ప్రాకుటయే దోషము.

రోగ మెఱుగక మందు వేయరాదు గదా! మొదట జనరేటరును చల్లారనిచ్చి, వ్యానునుండి దింపి, ఆరుబయట గట్టినేలపై సమముగ నిలిపి నడిపి చూడవలయును. అచ్చటను అదే విధముగ అదరినచో దోషము ఇంజనునందున్నది. అచ్చట నెమ్మదిగ నడచినచో దోషము దాని పీఠమునందున్నది. ఈ చిన్న పరీక్ష చేయక పనివానికి డబ్బు పోయుట వృథా.

ఇంజను దోషమైనచో, మసిపట్టిన స్పార్కు ప్లగ్గు, ధూళితో మూసికొనిన గాలివడపోత, నెలల తరబడి నిలువయున్న పెట్రోలు – ఈ మూటిని మొదట చూడవలయును. వీనివలన మంట తప్పి తప్పి మండి, యంత్రము కుదుపులతో నడచును. అవి సరియైనను అదురు తగ్గనిచో బేరింగులు అరిగినవేమో మెకానిక్కు చూడవలసినదే.

పీఠ దోషమైనచో, యంత్రము క్రింది రబ్బరు దిమ్మలను పరీక్షింపవలయును. నూనె తగిలియు, వేడిమికిని రబ్బరు గట్టిపడి పగులును. ఒకటి చెడినను అన్నిటిని ఒక్కసారి, యంత్రపు బరువునకు తగినవానినే మార్చుట మేలు. మిక్కిలి గట్టివి అదురును ఆపవు; మిక్కిలి మెత్తనివైనచో యంత్రము ఊగిసలాడును. పలుచని రేకుపై బిగించినచో ఆ రేకు తప్పెటవలె మ్రోగును గాన, క్రిందనున్న ఇనుప దూలములకే బిగింపవలయును. మన సముద్రతీరపు ఉప్పుగాలికి బోల్టులు త్రుప్పుపట్టి సడలును. ప్రయాణమునకు ముందు వానిని బిగించి చూడవలయును. పొగగొట్టము వ్యాను గోడకు తగులరాదు. కొబ్బరిపీచు మనకు చేరువనున్నది గదా యని యంత్రము క్రింద దట్టించుట ప్రమాదము; వేడిమికి అది అంటుకొనును.

ఇంతగా చెప్పుటకు కారణము గలదు. ఎడతెగని యదురుచే పొగగొట్టపు అతుకు పగిలినచో కార్బన్ మోనాక్సైడను విషవాయువు లోనికి చొచ్చును. దానికి రంగులేదు, వాసన లేదు. నిద్రించువారు మేల్కొనకయే మరణింపవచ్చును. పెట్రోలు గొట్టము ఒఱసికొని కారినచో అగ్నిభయము. కావున పండుకొనుటకు ముందు జనరేటరును ఆపివేయవలయును. ఆ వాయువును కనిపెట్టి హెచ్చరించు చిన్న పరికరములు అంగళ్ళలో దొరకుచున్నవి. ఒకటి పడకల చెంత నుంచుట శ్రేయస్కరము.

ఇంటిలో వస్తువుల చప్పుడు మారిన సంగతి ముందుగ గ్రహించునది గృహిణియే. జనరేటరు అదురు నిన్నటికంటె నేడు హెచ్చినదని తోచినచో, "ఈ రాత్రికి కానిండు" అనక, వెంటనే ఆపింపుడు. ఒక రాత్రి చీకటిలో గడపుట పెద్ద కష్టము కాదు.