పేగులోనే కరిగే పూత

"ఇన్సులిన్ బిళ్ళ ఎందుకు లేదు సార్?" జీర్ణవ్యవస్థ పాఠం మధ్యలో పదో తరగతి అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్న! సగం జవాబు ఆ పాఠంలోనే ఉంది. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మింగితే గుడ్డూ పప్పూ అరిగినట్టే అదీ అరిగిపోతుంది.

అందుకే బిళ్ళకు పూత. ఈ పూత పనిచేసే తీరంటే నాకు ప్రాణం. పొట్టలో పీహెచ్ 1 నుంచి 3 దాకా, చిన్నపేగు మొదట్లో 6 దగ్గర. యూడ్రాజిట్ రకం పూతలు బతికేది ఈ తేడా మీదే. వాటి పాలిమర్ గొలుసు పొడవునా కార్బాక్సిల్ సమూహాలుంటాయి. ఆమ్లంలో ఏ సమూహమూ తన హైడ్రోజన్‌ను వదలదు. ఆవేశం ఉండదు కనుక గొలుసులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని నీటిని లోపలికి రానివ్వవు. పీహెచ్ 5.5 దాటిందా, హైడ్రోజన్లు ఊడిపోతాయి, గొలుసంతా రుణావేశం నిండుతుంది. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయి కదా! గొలుసులు ఎడమై, సందుల్లోకి నీరు చేరి, పూత ఉబ్బి కరుగుతుంది. పాలిమర్ పాళ్ళు మార్చి, 6 దాటాకో 7 దాటాకో కరిగేలా కూడా చేయొచ్చు. లోపల గడియారం లేదు, బ్యాటరీ లేదు. ఎక్కడ తెరుచుకోవాలో చుట్టూ ఉన్న ద్రవమే చెబుతుంది.

దీనికి పోటీగా 1986లో అమెరికాలో మర్రే సాఫ్రన్ బృందం మరో దారి పట్టింది. పీహెచ్‌ని నమ్ముకోకుండా, పాలిమర్ గొలుసులను అజో బంధాలతో కలిపి కుట్టేసింది. మన ఎంజైములు ఆ బంధాలను తెంపలేవు, పెద్దపేగులోని బ్యాక్టీరియా తెంపగలవు. ఎలుకల్లో అది పనిచేసింది కూడా. మనలో కాపురముండే సూక్ష్మజీవుల చేతికే తాళంచెవి ఇవ్వడం! నా ఓటు దీనికే.

అయితే పూత విప్పుకోవడంతో పని అయిపోదు. చిన్నపేగులో ప్రోటీన్లను అరిగించే ట్రిప్సిన్ ఎంజైము కాచుకుని ఉంటుంది. పైగా దాదాపు 5,800 అణుభారమున్న ఇన్సులిన్‌ను పేగు గోడ సులువుగా దాటనివ్వదు. కణాల మధ్య బిగువు సడలించడానికి సోడియం కాప్రేట్ కలిపి చూశారు. నోవో నార్డిస్క్ అలా చేసిన ఐ338 బిళ్ళ, ఎనిమిది వారాల పరీక్షలో గ్లార్జిన్ అనే ఇన్సులిన్ ఇంజెక్షన్‌తో సమానంగా చక్కెరను అదుపు చేసింది. ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. కానీ గోడ దాటేది అతి కొద్ది భాగమే కావడంతో ఒక్కో బిళ్ళకు బోలెడంత ఇన్సులిన్ కావాల్సి వచ్చింది. ఖర్చు గిట్టదని కంపెనీ ఆపేసింది. ఇజ్రాయెల్ కంపెనీ ఒరామెడ్ క్యాప్సూల్ 2023లో మూడో దశ పరీక్షలో నెగ్గలేదు.

అయినా పరిశోధకులు ఈ దారి వదలకపోవడానికి సూది నొప్పి ఒక్కటే కారణం కాదు. పేగు నుంచి రక్తంలో కలిసిన ఇన్సులిన్ ముందు కాలేయానికే చేరుతుంది, క్లోమం విడుదల చేసినది చేరినట్టే. చర్మం కింద పొడిచిన ఇన్సులిన్ ఒళ్ళంతా తిరిగే రక్తంలో కలిశాకే కాలేయానికి వెళుతుంది.