ఇంటివారినే దొంగలనుకొను కావలివాండ్రు

ముఖము పాలిపోయి, నాలుగు మెట్లెక్కగనే ఆయాసము కలిగినచో, రక్తము తగ్గినదని ఇనుము కలిసిన మందు వాడుట మన యిండ్లలో పరిపాటి. ఆహారలోపముచే కలిగిన రక్తహీనతకు అది తగిన మందే. కాని రక్తహీనత యంతయు ఒకే తీరుది కాదు. ఇనుముతో మాత్రమే కుదురని యొక విధమును గూర్చి యిచ్చట వివరింప దలచితిమి.

మన ఎర్ర రక్తకణము సుమారు 120 దినములు జీవించును. పాతవి నశించుచుండగా ఎముకల మూలుగలో క్రొత్తవి పుట్టుచుండును. రోగక్రిములను పట్టుకొనుటకై శరీరము ప్రతిరక్షకములను పుట్టించును. ఒక్కొక్కప్పుడు ఈ కావలివాండ్రు ఇంటివారినే దొంగలని భ్రమించి, స్వంత ఎర్రకణములనే పట్టుకొందురు. కణములు గడువునకు ముందే నశించును. మూలుగ ఎంత శ్రమించినను ఆ లోటు తీరకపోవచ్చును. నశించిన కణములనుండి పుట్టు పసుపుపచ్చని పదార్థముచే కన్నులు పచ్చబడును; మూత్రము ముదురురంగు దాల్చవచ్చును. దీనినే వైద్యులు ఆటోఇమ్యూన్ హీమోలిటిక్ అనీమియా అందురు.

ఇందు ముఖ్యభేదములు రెండు. మొదటిది ఉష్ణజాతి. దీని ప్రతిరక్షకములు 37 డిగ్రీల దేహోష్ణమునందే కణముల నంటుకొనును. అట్టి కణములను ముఖ్యముగా ప్లీహము మ్రింగివేయును. ఎక్కువగా కనిపించునది ఇదియే. రెండవది శీతజాతి. చలి తగిలినప్పుడు కణములు గుంపులుగా అతుకుకొనును. వ్రేళ్లు, చెవులు, ముక్కుకొన నీలివర్ణము దాల్చును. ఇవిగాక, పిల్లలకు జలుబు, జ్వరముల పిమ్మట అరుదుగా వచ్చు భేద మొకటి కలదు. డోనాథ్, లాండ్‌స్టైనరు అను వైద్యులు 1904లో దీని కారణమును కనుగొనిరి. పిల్లలలో ఇది తరచుగా కొలది వారములలో తానే తగ్గును. కొన్ని మందుల వలన కూడ కణములు ఇట్లే నశించుట కలదు.

కణములపై ప్రతిరక్షకము లున్నవో లేవో తెలుపు పరీక్షను 1945లో ఇంగ్లండునందు కూంబ్స్, మూరాంట్, రేస్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దానిని నేటికిని కూంబ్స్ పరీక్ష యనియే పిలుచుచున్నారు. జాతి తెలియనిదే చికిత్స కుదురదు. ఉష్ణజాతికి మొదట స్టెరాయిడ్ మందుల నిత్తురు. అవి చాలనిచో వేరు మందులు వాడుదురు, లేదా ప్లీహమును తొలగింతురు. శీతజాతికి స్టెరాయిడ్లు అంతగా పనిచేయవు. చలి తగులకుండ కాచుకొనుట ప్రధానము.

ఇది అంటువ్యాధి కాదు. ఇట్టి బాలుని ప్రక్కన కూర్చుండుటకు తోటి విద్యార్థులు జంకనక్కరలేదు. తలిదండ్రులకు మా విన్నప మొక్కటియే. పాలిపోవుటతో పాటు కన్నులు పచ్చబడినను, మూత్రము నల్లబడినను, కామెర్లని పసరుమందుతో కాలము గడపక, వెంటనే వైద్యునిచే రక్తపరీక్ష చేయింపుడు. రోగమేదో తెలిసిన పిమ్మటనే మందు.