పూసపాటివారి సంతతి

నౌపడ స్టేషనులో దక్షిణమునకు పోవు బండి నెక్కి, విజయనగరమున దిగి, అచ్చట పై చదువులు చదువుకొను విద్యార్థులు మన ప్రాంతమున ఎందరో కలరు. మహారాజావారి కళాశాల, అలక్ నారాయణ, మాన్సాస్ అను పేర్లు వారు నిత్యము వినుచుందురు. ఈ పేర్లుగల వారెవరు, ఎవరికెవరు ఏమగుదురు, అని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడిగియున్నారు. ప్రశ్న చిన్నదే కాని ప్రత్యుత్తరము తిన్నగా నుండదు. ఏలయన, ఈ వంశవృక్షమున ఒకచోట కొమ్మ విరిగి, వేరొక కొమ్మ అంటుకట్టబడినది.

విక్టోరియా రాణి కాలమున విజయనగర సంస్థానము నేలినవారు పూసపాటి విజయరామ గజపతిరాజుగారు (1826–1879). వీరు కాశీనగరమున చిరకాలము నివసించిరి. విజయనగరమున 1857లో వెలసిన పాఠశాలయే 1879లో కళాశాల యయ్యెను. వీరికి ఆనంద గజపతి యను కుమారుడును, అప్పలకొండయాంబ యను కుమార్తెయు కలరు. కుమార్తెను ఉత్తరదేశమందలి రీవా మహారాజునకిచ్చి వివాహము చేసిరి. ఆమె విధవయై పుట్టినింటికి మరలివచ్చినను, జనులామెను కడవరకు రీవా రాణిగారనియే పిలిచిరి.

ఆనంద గజపతి (1850–1897) పండితపక్షపాతి. మాక్సుమూలరు పండితుని ఋగ్వేదము రెండవ కూర్పు 1890–92 సంవత్సరములలో అచ్చగుటకు ద్రవ్యమిచ్చినది ఈ ప్రభువే. తన ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబములలో ఆడపిల్లలకు వెలకట్టి చేయు వివాహముల పట్టికను వీరు వ్రాయింపగా, మూడేండ్లలో 1034 తేలినవని గురజాడ అప్పారావుగారు తమ కన్యాశుల్క నాటకపు పీఠికలో చెప్పియున్నారు. ఆ నాటకము 1897లో అచ్చుపడి ఈ మహారాజునకే అంకితమయ్యెను. ఆ యేటనే మహారాజు సంతానము లేక పరమపదించెను.

ఇచ్చట ధర్మశాస్త్రమును కొంత వివరింపవలసియున్నది. ఆ కాలమున సామాన్య కుటుంబములలో అన్నదమ్ములు ఆస్తిని పంచుకొనెడివారు. విజయనగరమువంటి సంస్థానము అవిభాజ్యమై యుండెను, అనగా పంచరానిది. దాని నొక్కడే అనుభవింపవలసియుండెను. ఆ యొక్కడు పురుషుడై యుండవలసియుండెను. తోడబుట్టిన రీవా రాణి బ్రతికియున్నను, విద్యావతి యైనను, గద్దె ఆమెకు దక్కునది కాదు. కావున ఆనంద గజపతి తల్లియగు అలకరాజేశ్వరీ మహారాణి తన బంధువర్గమునుండి చిట్టిబాబు అను బాలుని దత్తుతీసికొని, విజయరామ గజపతి యని పేరుపెట్టెను.

దత్తతయొక్క చమత్కారము చూడుడు. ఆనాటి ధర్మశాస్త్రము ననుసరించి స్త్రీ దత్తుతీసికొన్నచో ఆ బాలుడు ఆమె భర్తకు కుమారుడయ్యెడివాడు. అందుచే 1883లో జన్మించిన ఈ చిన్నవాడు, తనకంటె ముప్పదిమూడేండ్లు పెద్దవాడును, అప్పటికే గతించినవాడునగు ఆనంద గజపతికి శాస్త్రరీత్యా తమ్ముడయ్యెను. రీవా రాణికిని తమ్ముడే. జ్ఞాతులు ఊరకుందురా? ఈ దత్తత చెల్లదని న్యాయస్థానమున కెక్కిరి. వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగెను. గురజాడవారు రీవా రాణిగారికి ఆంతరంగిక కార్యదర్శియై, ఈ వ్యవహారమున సంస్థానపక్షమున మిక్కిలి శ్రమించిరి. రాణిగారు 1912లో గతించిరి. వ్యాజ్యము 1913లో రాజీపడెను. తనకు దక్కని గద్దెను దత్తు వచ్చిన తమ్మునికి నిలుపుటయందు ఆ రాణి యింటి కార్యదర్శియే పాటుపడుట మాకు వింతగా తోచును. మహాకవి యని మనము చదువుకొను వాని మంచి వయస్సులో చాల భాగము కోర్టు కాగితములపై గడచెను గదా!

ఈ చిట్టిబాబుగారు 1922లో గతించిరి. వీరికిద్దరు కుమారులు. కనిష్ఠుడు విజయానందుని (1905–1965) విజ్జీ యని లోకమెరుగును. 1936లో ఇంగ్లాండునకు పోయిన భారత క్రికెట్టు జట్టునకు నాయకుడు. మూడు టెస్టులలో ఆయన కొట్టిన పరుగులు మొత్తము 33. నాయకత్వము ఆటచేత వచ్చినదో, అంతస్తుచేత వచ్చినదో మన ఆటగాండ్రే తేల్చుకొందురు గాక.

జ్యేష్ఠుడు అలక్ నారాయణ గజపతి 1937లో చనిపోవునాటికి, ఆయన కుమారుడు పి.వి.జి. రాజుగారు (1924–1995) పదుమూడేండ్ల బాలుడు. 1948 నాటి శాసనముచే జమీందారీలు రద్దయ్యెను. పంచరాదని అంత పోరాడి నిలిపిన సంస్థానము ఒక్క చట్టముతో పోయెను. సోషలిస్టు పక్షమున చేరిన రాజుగారు 1958లో తండ్రిపేర మాన్సాస్ సంస్థను స్థాపించి, కోటను, భూములను విద్య కొరకు ధారపోసిరి. కళాశాల దానిలోనిదే. వీరి పుత్రులు ఆనంద గజపతి (1950–2016), అశోక గజపతి. ఇద్దరును మంత్రిపదవుల నలంకరించిరి. అశోక గజపతి 2014 మొదలు 2018 వరకు కేంద్రమున పౌర విమానయాన మంత్రియై, 2025లో గోవా గవర్నరుగా నియమితులైరి.

గద్దె పోయినను గద్దె ప్రశ్న పోలేదు. మాన్సాస్ అధ్యక్షస్థానము వంశమందలి పెద్ద మగవానికని దానపత్రమున వ్రాసియున్నది. 2020 మార్చిలో రాష్ట్రప్రభుత్వము ఆనంద గజపతి కుమార్తె సంచయితగారిని ఆ స్థానమున నియమించెను. పినతండ్రి న్యాయస్థానమునకు పోయెను. 2021 జూనులో ఉన్నత న్యాయస్థానము ప్రభుత్వోత్తర్వులను కొట్టివేసి, ఆయననే మరల నిలిపెను. దాత వ్రాసిన మాటయే చెల్లవలెనని యొకరును, కుమార్తె సంతతి కాదాయని వేరొకరును వాదించుట మేము రైలుబండిలో సైతము వినియున్నాము. ఆ బండిలో విజయనగరమునకు చదువబోవు ఆడపిల్లలును కలరు.