రౌటరు బిట్టులు: కొనుటయు, వాడుటయు

కత్తిపీట మొద్దువోయినచో కూర తఱుగువారి వ్రేళ్లకే ముప్పని వంటయింట మెలగిన ప్రతి సోదరికిని దెలియును. పదునుగల కత్తి చెప్పినట్లు వినును. మొద్దుకత్తి బలమును గోరును. బలము పెట్టినచోటనే చేయి జాఱును. ఈ సంగతినే వడ్రంగపు పనిముట్టున కన్వయించి నాలుగు మాటలు చెప్పుటకై కలము పట్టితిమి.

మావారు ఉపాధ్యాయులు. సెలవుదినములలో వసారాలో చెక్కపని చేయుట వారికి వేడుక. రెండేండ్ల క్రిందట మా అత్తగారి దేవతార్చనకు టేకుతో చిన్న మందిరము చేయ సంకల్పించి, విద్యుచ్ఛక్తితో నడచు రౌటరు నొకదానిని కొనిరి. ఎఱుగని వారికై చెప్పుచున్నాము: ఇది రెండుచేతులతో బట్టి నడపు చిన్న యంత్రము. దాని యడుగున బిగించిన బిట్టు నిమిషమునకు 20,000 చుట్లకు పైగా తిరుగుచు చెక్కలో గాడి తీయును, అంచును గుండ్రముగా మలచును. వెనుక ఉలితో పూటంతయు చేసిన పని దీనితో కొలది నిమిషములలో ముగియును.

యంత్రమునకే సొమ్ము చాలవఱకు చెల్లిపోయినందున, పన్నెండు బిట్టులుగల పెట్టె నొకదానిని మిక్కిలి చౌకగా తెప్పించితిమి. చౌకదానిని తెమ్మన్నది మేమే. ఆ దోషమును దాచుకొనము. మూడవ ఆదివారమున, బిట్టు చివర నతికిన పలుకొకటి యూడి, రివ్వున పోయి గోడ సున్నములో దిగబడెను. అంతకు రెండు నిమిషములకు ముందు మా చిన్నది ఆ గోడకానుకొని నిలిచి చెక్కపొట్టు నేరుకొనుచుండెను. బామ్మ పిలువగా లోనికి వచ్చినది గనుక సరిపోయినది. ఆ రాత్రి మాకు కన్ను మూతపడలేదు. తెల్లవాఱగనే యంత్రము నమ్మివేయుదమని పట్టుబట్టితిమి. వారు గోడలోని పలుకును పెకలించి మా చేతబెట్టి, “తప్పు యంత్రముది గాదు, అతుకుది. నీవే చూడు” అనిరి. చూచితిమి. పలుకు వెనుక సగముమేర టంకము అంటనే లేదు!

నాటినుండి బిట్టులను పరీక్షించి కొను పని మేమే చేపట్టితిమి. మంచి బిట్టునకు కాడ ఉక్కుది, కోయు అంచు కార్బైడుది. టంగ్‌స్టను, కర్బనము కలిసిన పొడికి కోబాల్టు చేర్చి, అదిమి, కాల్చి చేసిన పదార్థమే కార్బైడు. అది ఉక్కుకంటె గట్టిది, కాని పెళుసు. అందుచే పలుకులుగా చేసి ఉక్కుపై అతుకుదురు. బిట్టును వెలుతురున కెత్తి చూడుడు. అతుకు సన్నని గీతవలె ఎడతెగక సాగవలెను. సందుగాని బుడగగాని కనబడినచో మాఱుమాటలేక తిరిగి యిచ్చివేయవలెను. పలుకు దళసరిగా నున్నచో పలుమాఱులు పదును పెట్టుకొనవచ్చును. దాని ముఖము అద్దమువలె నుండవలెను. చివర చక్రమున్న బిట్టయినచో ఆ చక్రమును వ్రేలితో త్రిప్పిచూడుడు, గరగరలాడరాదు. ఒట్టి హైస్పీడు స్టీలు బిట్టులు చౌకయే, మెత్తని కలపకు చాలును. కాని టేకులో సహజముగా సిలికా యుండును, ప్లైవుడ్డులో జిగురుండును. ఈ రెండును ఉక్కు పదునును త్వరలో మింగివేయును.

కాడ కొలతయందు పలువురు మోసపోవుదురు. 6 మిల్లీమీటర్ల కాడయు, పావు అంగుళపు కాడయు ఒక్కటే యనుకొందురు. పావు అంగుళమనగా 6.35 మిల్లీమీటర్లు. సన్నని కాడను పెద్ద పట్టులో బిగించినచో పైకి బిగిసినట్లే యుండి పనిలో జాఱును. 12 మిల్లీమీటర్లకును అర అంగుళమునకును గూడ నిట్టి భేదమే కలదు. కాడను అడుగంటునట్లు దింపి, పిమ్మట రెండు మూడు మిల్లీమీటర్లు పైకి లాగి బిగింపవలెను. బిగించుటకు ముందు తీగను గోడనుండి ఊడదీయుట మఱువరాదు.

బిట్టు వెడల్పైనకొలది వేగము తగ్గింపవలెను. 25 మిల్లీమీటర్ల లోపుదానికి నిమిషమునకు 24,000 చుట్లు చెల్లును. 50కి మించినదానికి 16,000. 75 మిల్లీమీటర్లదానికి 12,000 చాలును. ఆ పెద్దదానిని 24,000 చుట్లతో త్రిప్పినచో దాని యంచు గంటకు సుమారు 340 కిలోమీటర్ల వేగమున పరుగిడునని మావారు పలకపై లెక్కగట్టి చూపిరి. అట్టివానిని చేతబట్టి వాడనే రాదు. యంత్రమును బల్లకు బిగించియే వాడవలెను. లోతైన గాడిని ఒక్కసారిగా దీయక, మాఱునకు మూడు మిల్లీమీటర్లకు మించకుండ పలుమాఱులు దీయుడు. ఒకేచోట నిలిపినచో పెనముపై దోసెవలె చెక్క మాడును.

నడపు దిక్కు ముఖ్యము. పలక వెలుపలి యంచులకు అప్రదక్షిణముగను, చట్రము లోపలి యంచులకు ప్రదక్షిణముగను నడపవలెను. లేనిచో యంత్రము చేతినుండి గుంజుకొని పరుగెత్తును. దేవుని మందిరమునకు అప్రదక్షిణమేమని అత్తగారు ముక్కుపై వ్రేలిడుకొనిరి! నాలుగంచులును దీయవలసినపుడు నారకడ్డముగా నున్నవానిని ముందు ముగింపుడు; అచ్చట లేచిన చీలికలు తర్వాతి యంచులలో పోవును.

పైట నడుమునకు దోపి, జడను ముడివేసి, గాజులు తీసి పనికి దిగవలెను. గాజుల మాటకు అత్తగారు మొదట సమ్మతింపలేదు. పని ముగిసిన క్షణముననే తొడుగుకొందుమన్న మీదట ఊరకుండిరి. కంటి అద్దములు, ముక్కునకు మూత, చెవులకు మూత ఉండవలెను. కలపపొట్టు పీల్చుట క్యాన్సరుకు కారణమగునని 1995లోనే అంతర్జాతీయ సంస్థ నిర్ణయించినది. పిల్లలు గది దాటి యుండవలెను.

బిట్టుకంటిన జిగురును నురుగునీట నానబెట్టి బ్రష్షుతో తీయుడు. చక్రమును మాత్రము ముందుగా ఊడదీయుడు. పదును తగ్గినచో వజ్రపుపొడి అద్దిన పలకపై చదునైన ముఖమును మాత్రమే రుద్దవలెను, ఏటవాలు ప్రక్కను ముట్టరాదు. మేకుల డబ్బాలో వైచినచో పెళుసు పలుకులు బీటలిచ్చును గనుక, మేము చెక్కదిమ్మకు రంధ్రములు వైచి ఒక్కొక్కదానిని నిలిపితిమి.

ఆ పన్నెండింటి వెలతో మంచివి రెండే వచ్చినవి: గాడికొకటి, గుండ్రని యంచునకొకటి. మందిరమున కవియే చాలినవి. పీఠపు కుడి మూలయంచు మేము స్వయముగా దీసినది. అచ్చట నొక క్షణము చేయి నిలిచి అంగుళమంత నల్లగా మాడినది. అత్తగారు ప్రతి ఉదయమును మందారము నొకదానిని సరిగా ఆ మచ్చ మీదనే పెట్టుదురు.