బీడు భూములు – వాని యుపయోగము

రైతులు తమ భూములను లెక్కించునపుడు మాగాణిని, మెట్టను ముందు చెప్పి, తక్కినదానిని "ఒట్టి బీడు" అని త్రోసివేయుట వాడుక. రెవెన్యూ లెక్కలలో సైతము అది బంజరే. కాని పంట లేని నేలయంతయు పనిలేని నేల కాదు.

రాయలసీమ, తెలంగాణ మెట్టలలో పెక్కుచోట్ల గరపనేల జానెడు లోతుననే రాతిని తాకును. వానయు తక్కువ. ఇట్టిచోట పెద్దచెట్లు దట్టముగా పెరుగజాలవు. గడ్డియు, దాని నడుమ తంగేడు, వెంపలి, రేగు, బలుసు పొదలును నిలుచును. గడ్డివేళ్లు మట్టిని పట్టియుంచి వాననీటి పరుగును తగ్గించును. ఎగువ బీడును దున్నినచో ఆ మట్టియే దిగువ చెరువున పూడికయగును. తంగేడు, వెంపలి మాగాణికి మంచి పచ్చిరొట్ట యెరువులని రైతులెరిగినదే.

పశువులు మేయుటచేతనే ఈ నేల తెరపిగా నుండును. మేపు బొత్తిగా మానినచో ముండ్లపొదలు క్రమ్మును. మితిమీరినచో మంచి గడ్డి నశించి, పశువు ముట్టని కలుపు మిగులును. సర్కారు తుమ్మ సంగతి మరియు విషమము. 1877 ప్రాంతమున జమైకానుండి వచ్చిన దీని విత్తనములను కడప జిల్లా కమలాపురము వైపున నాటిరి. కాయలు తిన్న పశువుల పేడతో అది ఊరూరికిని ప్రాకినది. నరికిన మోడు మరల చిగుర్చును గనుక, లేతమొక్కగా నున్నపుడే వేరుతో పెరికివేయవలెను.

బట్టమేకపిట్టకు ఈ బీళ్లే యిల్లు. మీటరు ఎత్తుండు ఈ పక్షి గూడు కట్టక, వట్టి నేలపై సాధారణముగా ఒక్క గ్రుడ్డే పెట్టును. మిడుతలను, పురుగులను తిని చేలకు మేలుచేయును. ఇప్పటి నంద్యాల జిల్లాలోని రోళ్లపాడున దీనికై 1988లో సుమారు 600 హెక్టార్ల అభయారణ్య మేర్పడినది. అచ్చట కృష్ణజింకలు వృద్ధిచెందినవి. అవి చేలలో పడుచున్నవను రైతుల మొర న్యాయమైనదే. పిట్ట మాత్రము అచ్చట దాదాపుగా కానరాకపోయినది. కంచెలోని గడ్డి యొక్కటియే దానికి చాలదు. చుట్టుపట్ల బీళ్లును, మెట్టచేలును దాని సంచారభూములే. వానిలో పెక్కు సాగునీటి పంటల క్రిందికి పోయినవి.

బీడు గల రైతు దానిని మూడు భాగములుగా చేసి, తొలకరి మొదలు గడ్డిగింజ రాలువరకు ఒక భాగమున పశువులను విడువరాదు. ఏటేట ఆ భాగమును మార్చుచుండవలెను. గింజ రాలిన పిమ్మట ఆ గడ్డిని కోసి, వేసవికి వామి వేసికొనవచ్చును.