పేరడుగని విచారణ



నేడు నేను ఒక సంఘమును గూర్చి ముచ్చటింపదలచితిని. ప్రసూతి వైద్యమున ఆరితేఱినవారు కొందఱు, తమ ఆస్పత్రి పనులు ముగిసిన పిమ్మట, వేతనము నాశింపక ఒకచోట గూడి, కాన్పు కారణముగా మరణించిన తల్లుల చికిత్సా పత్రములను జదువుదురు. ఆ మరణమేల సంభవించెనని విచారింతురు. ఇంతియే వారి పని. వినుటకు స్వల్పముగా దోచును గాని దాని ఫలము స్వల్పము కాదు.

నాకు ఏడేండ్ల ప్రాయమున మా పెద్దక్క పురిటిలో గతించెను. బిడ్డ దక్కెను, తల్లి దక్కలేదు. రక్తస్రావమాగక తెల్లవాఱులోపల ఒడలెల్ల చల్లబడెనని మా అమ్మ చెప్పుచుండెడిది. ఇంటివారు తలవ్రాత యనిరి. ఊరివారును అదియే యనిరి. ఏమి జరిగెనో అడిగినవారు లేరు, వ్రాసినవారును లేరు. కావున ఆ మరణమువలన మఱియొక తల్లికి మేలు కలుగలేదు.

ఈ అడుగుటనే ఇంగ్లండు, వేల్సు దేశములవారు 1952లో ఒక క్రమపద్ధతిగా జేసిరి. దానికి రహస్య విచారణ యని పేరు. మొదటి మూడేండ్ల నివేదిక 1957లో వెలువడెను. మన దేశమున ఈ మార్గమును శ్రద్ధతో ద్రొక్కినది కేరళము. అచటి ప్రసూతి వైద్యుల సమాఖ్య, ప్రభుత్వానుమతితో, 2004లో ఈ విచారణకు బూనుకొనెను. 2004-05 సంవత్సరముల మరణములపై దాని తొలి నివేదిక 2009లో వచ్చెను.

పద్ధతి యెట్టిదనగా, గర్భిణి గాని, ప్రసవమైన 42 దినములలోపల బాలింత గాని మరణించినచో, జరిగిన దంతయు ఆస్పత్రివారే వ్రాసి పంపవలెను. పత్రము చేరిన పిదప రోగి పేరు, వైద్యుని పేరు, ఆస్పత్రి పేరు తొలగింతురు. అటుపిమ్మటనే అది పరిశీలకుల చేతికి బోవును. వారి ప్రశ్నలు ఇట్టివి. రక్తస్రావము ఎప్పుడు మొదలయ్యెను? ఎప్పుడు గుర్తించిరి? రక్తము తెచ్చుటకు ఎంత కాలము పట్టెను? రక్తపుపోటును ముందు నెలలలో గొలిచిరా? అనుభవజ్ఞుని బిలుచుటలో జాగేల కలిగెను? ఎవరు చేసిరను ప్రశ్న మాత్రము వారి పట్టికలో లేదు.

నేను ముప్పదియేండ్లు ఉపాధ్యాయుడనై సర్కారు పరీక్షల జవాబు పత్రములు దిద్దితిని. వానిపై అంకెయే గాని పేరుండదు. పేరు తెలిసినచో దిద్దువాని మనస్సు ఇటో అటో మొగ్గును. అయితే పరీక్షలో బాలుడు తనకు దెలిసినది వ్రాయును. ఇచట వైద్యుడు తన పొరపాటునే వ్రాయవలెను. శిక్ష పడునను భయమున్నచో ఎవడు వ్రాయును? నిజము వెలికి వచ్చుటకే పేరు మఱుగున నుంచుట.

ఇది దోషులను గాపాడుట కాదా యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. తల్లిని గోలుపోయిన ఇంటికి ఈ మాట కటువుగనే యుండును. కాని అశ్రద్ధను శిక్షించుటకు న్యాయస్థానములు వేఱుగా గలవు. న్యాయస్థానము జరిగిన మరణమునకు దీర్పు చెప్పును. ఈ సంఘము జరుగబోవు మరణము నాపజూచును.

ఒక్క పత్రము చదివినచో దురదృష్టమని తోచునది, నూఱు పత్రములు ప్రక్కప్రక్కన బెట్టినచో పాఠమగును. కేరళమున ఆ పత్రములు మొదట జూపిన శత్రువు రక్తస్రావము, దాని వెనుక రక్తపుపోటు, గుర్రపువాతము. పోయిన రక్తమును కంటితో అంచనా వేయక కొలిచి చూడవలెననియు, కాన్పైన తొలి గంటలలో బాలింతను విడువక కనిపెట్టవలెననియు, సాయమునకు ముందుగానే కేక వేయవలెననియు దేలినది. ఆ పాఠములే క్రమముగా ఆస్పత్రులకు నియమములైనవి.

కేరళమున లక్ష సజీవ జననములకు తల్లుల మరణములు 2004-06లో 95 గా నుండెను. 2018-20 నాటికి 19 అయ్యెను. ఆ కాలముననే ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43, దేశమంతటికి 97. ఈ తగ్గుదల యంతయు ఒక్క సంఘము వలననే కలిగినదనుట సరికాదు. స్త్రీవిద్య, రాకపోకల వసతి, ఆస్పత్రి కాన్పులు, ప్రభుత్వ శ్రద్ధ ఇందు పాలుగొన్నవి. అయినను ఎచట బ్రాణము జాఱిపోవుచున్నదో చూపువారు లేనిచో, ఆ శ్రద్ధ ఎటు మఱలవలెనో తెలియదు.

ఈ పనికి సన్మానములు లేవు. చదివినది పైకి జెప్పరాదు. తోటివాని పొరపాటు చదువునపుడు తన పొరపాటు జ్ఞప్తికి రాక మానదు. ఇంటికి బోయి విశ్రమింపవలసిన వేళ, ముఖమెఱుగని తల్లి కడపటి గంటలను నిమిషమునకు నిమిషముగా జదువుట మనస్సునకు భారము. ఆ భారమును కోరి మోయువారు గలరని మనము తెలిసికొనవలెను. మన బిడ్డలలో వైద్యులైనవారిని, చికిత్సతోడనే పని ముగియలేదని, ఇట్టి సంఘములకు గొంత కాలము నొసంగుమని ప్రోత్సహింపవలెను.

మా అక్కకు అట్టి పత్రము లేదు. నేటి తల్లి యెవతెయైన గతించినచో, తలవ్రాత యని ఊరకుండక, ఏమి జరిగెనో అడుగువారుండవలెను. ఆ ప్రశ్నవలన మఱియొక ఇంట దీపము నిలుచును.

సెలవు.