పరిత్యాగ పత్రిక కోసం ఎదురుచూపు

ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయంలోని పరిత్యాగ పత్రిక మనకు వాక్యభాగం. ఇశ్రాయేలు దేశంలో అది నేటికీ కోర్టులో నడిచే న్యాయం. 1953 నాటి చట్టం అక్కడి యూదుల వివాహాన్నీ విడాకులనూ రబ్బీల న్యాయస్థానాలకే అప్పగించింది.

ఆ పత్రికను యూదులు ‘గెట్’ అంటారు. భర్త ఇష్టపూర్వకంగా ఇస్తేనే అది చెల్లుతుంది. ఇవ్వకపోతే భార్య మరల పెళ్లి చేసుకోలేదు. అలాంటి స్త్రీని ‘అగునా’, అంటే కట్టబడినది, అంటారు. మొండికేసిన భర్త డ్రైవింగ్ లైసెన్సును ఆపడానికి, అతణ్ణి జైలుకు పంపడానికి కూడా 1995 చట్టం ఆ న్యాయస్థానాలకు అధికారమిచ్చింది. జైలుకు వెళ్లినా పత్రిక ఇవ్వనివారున్నారు.

పంపివేయబడిన స్త్రీ వేరొకరిని పెండ్లాడవచ్చని ఆ అధ్యాయమే చెబుతోంది. ఆమెకు విడుదలనిచ్చే పత్రికే భర్త చేతిలో సంకెల కావడం ధర్మశాస్త్రపు ఉద్దేశం కాదు. ధర్మాన్ని చట్టంగా అమలుచేసే ఎవరైనా మొదట ఆలకించవలసింది ఆ స్త్రీ మొరనే.